ఆమె పక్కన నేను నిలబెట్టిన మనిషి

మూడేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా నన్ను "మంచి పిల్ల, నోట్లో నాలుక లేదు" అని మెచ్చుకున్నప్పుడు ఇంకా గట్టిగా అడ్డం పడుతుంది.

నాకు పన్నెండో ఏటి నుంచి డైరీ రాసే అలవాటు. ఏ పుస్తకం చదివానో, అమ్మ ఎందుకు తిట్టిందో, ఏ రోజు ఎవరితో మాట్లాడలేక తల దించుకుని వచ్చేశానో, అన్నీ అందులో ఉన్నాయి. ఇది మాత్రం లేదు. అది జరిగిన రోజు పేజీలో "ఎండ బాగా ఉంది. తలనొప్పి" అని రాసి ఉంది. ఎవరూ చదవని డైరీకి కూడా అబద్ధం చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక ఆడమనిషి చేయని తప్పుకు శిక్ష పడింది. ఆమె చేయలేదని రుజువుతో సహా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె వచ్చి అడిగింది కూడా. నేను చెప్పలేదు.

ఆమెను అనురాధక్క అంటాను. అసలు పేరు అది కాదు. మా వీధిలోనే, మూడిళ్ల అవతల ఉంటుంది. మా అమ్మా ఆమే ఒకే కూలీల ముఠాలో పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళతారు.

నేను ప్రత్తిపాడులో ఒక ఫోటో స్టూడియోలో పని చేస్తాను. ఓనరు సుభానీ అన్న, ఇదీ మార్చిన పేరే. ఫోటోలు తీసేది ఆయన, కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని సరిచేసేది నేను. మనుషులతో మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది. అందులో మనిషిని కలపడం అనేది రోజూ ఉండే పని. కూతురి పెళ్లి చూడకుండా పోయిన తండ్రిని పాత రేషన్ కార్డు ఫోటోలోంచి బయటికి తీసి, పట్టు పంచె కట్టించి, పీటల దగ్గర భార్య పక్కన కూర్చోబెడతాను. కువైట్ నుంచి రాలేకపోయిన అన్నను గ్రూపు ఫోటోలో చివర నిలబెడతాను. "ఒక మనిషిని కలపాలమ్మా" అంటూ వస్తారు. ఫోటో చేతికిస్తే కళ్లు తుడుచుకుంటూ పోతారు. లేని మనిషిని తెచ్చి నిలబెట్టడం తప్పని నాకెప్పుడూ తోచలేదు. అదొక రకమైన దయ అనుకునేదాన్ని.

నా సొంతానికి ఇష్టమైనది మాత్రం సముద్రం. మా వైపు ఎటు చూసినా పత్తి, మిరప. చదును నేల అలా పోతూనే ఉంటుంది. పెళ్లికి ముందు జంటల ఫోటోలు తీయడానికి సుభానీ అన్న సూర్యలంక వెళ్లినప్పుడల్లా వెలుగు పడేలా తెల్ల అట్ట పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్లేవాడు. జంట బట్టలు మార్చుకునే సందులో స్టూడియో పాత కెమెరాతో నేను నా ఫోటోలు తీసుకునేదాన్ని. ఒడ్డున బోర్లించిన పడవలు, ఆరేసిన వలలు, సరుగుడు తోపు. తర్వాత మధ్యాహ్నం భోజనం వేళ, షాపులో ఎవరూ లేనప్పుడు, వాటికి రంగులు పూసేదాన్ని. కుంచెతో గీసినట్టు కనిపించే పనులు కంప్యూటర్లో ఉంటాయి. అల అంచు మెత్తబడుతుంది, ఆకాశం చారలు చారలుగా పరుచుకుంటుంది, ఫోటో కాస్తా నూనె రంగుల బొమ్మ అయిపోతుంది. ఆ పనిలో ఒక సుఖం ఉంది. కుంచె పడ్డాక అతుకులు కనపడవు. పొద్దుటి వెలుగూ సాయంత్రం వెలుగూ ఒకటైపోతాయి.

ఇప్పుడు రాయడానికి సిగ్గుపడేది రాయాలి.

ఆ రోజుల్లో వీడియో తీయడానికి చీరాల నుంచి ఒకతను వచ్చేవాడు. అతనికి మారుపేరు కూడా పెట్టను. నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే పది ఉండవు. "అట్ట కొంచెం పైకెత్తండి" అన్నవే అందులో సగం. ఒకసారి నా సంచిలోంచి పుస్తకం జారి ఇసుకలో పడితే, అతను తీసి, దులిపి, పేజీ పోకుండా వేలు పెట్టి పట్టుకుని ఇచ్చాడు. అంతే. ఆ వేలు గురించి డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఒక సాయంత్రం అతను ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్ల అంచున నిలబడి అటు చూస్తుంటే, వెనక నుంచి ఒక ఫోటో తీశాను. అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి మా అమ్మ వాళ్ల ముఠా అంతా ట్రక్కు ఆటో మాట్లాడుకుని సముద్ర స్నానానికి సూర్యలంక బయలుదేరారు. నేనూ కెమెరా పట్టుకుని వెళ్లాను. అనురాధక్కకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆరేళ్ల కూతురుంది. సముద్రం చూడటం అదే మొదటిసారి. దారంతా "అంత నీళ్లకి గట్టు ఎవరేశారే?" అని అందరినీ నవ్వించింది. స్నానాలయ్యాక తక్కినవాళ్లు దీపాలు వదలడంలో, పులిహోర డబ్బాలు విప్పడంలో ఉంటే, ఆమె చిలకపచ్చ చీర కట్టుకుని, తడి జుట్టు జడ అల్లుకుని, గుంపుకు దూరంగా నడిచి, ఒక్కతే నీళ్ల అంచున నిలబడింది. అయిదు నిమిషాలు ఉంటాయేమో. కదల్లేదు. పెళ్లయినప్పటి నుంచి ఎవరూ పిలవకుండా, ఎవరికీ ఏదీ అందించకుండా ఆమె నిలబడిన అయిదు నిమిషాలు అవేనేమో. నేను వెనక నుంచి ఫోటో తీశాను.

వారం తర్వాత ఆ ఫోటో తెరిచి చూస్తుంటే ఒకటి గమనించాను. ఆమె వీపు నా వీపులాగే ఉంది. అదే ఎత్తు, అదే ఒంటి జడ. నేను ఎప్పుడూ అలా నిలబడలేదు, అలాంటి చీరా కట్టలేదు. కానీ కట్టి నిలబడితే అలాగే ఉంటాననిపించింది.

అతన్ని తెచ్చి పక్కన నిలబెట్టాను. రోజూ చేసే పనే కదా. నీడ సరిచేశాను. ఇద్దరి మీదా ఒకటే వెలుగు పరిచాను. కుంచె తిప్పాను. అయినా ఏదో తక్కువగా ఉంది. ఇద్దరూ ఎవరికి వారే నిలబడినట్టున్నారు. అప్పుడు ఆమె తలను కొంచెం, వేలెడంత కూడా కాదు, అతని భుజం వైపు వంచాను.

బొమ్మ బతికింది. నేను చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. అందులో ఉన్నది నేనే అనుకున్నాను. అనురాధక్క అని ఒక మనిషి ఉందనీ, ఆ వీపు ఆమెదనీ, నిజంగా, నాకు గుర్తే లేదు. ఇది సాకు కాదు. తప్పు మొదలైంది అక్కడే అంటున్నాను.

దాన్ని దాచుకున్నాను గానీ సరిగ్గా దాచలేదు. సుభానీ అన్న వేరే ఫైలు వెతుకుతూ దాన్ని చూశాడు. "అమ్మాయ్, ఇంత పనితనం పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చుంటావేంది!" అన్నాడు. మరుసటి రోజుకల్లా దాన్ని గుడ్డ మీద పెద్దగా అచ్చు వేయించి షాపులో ఎదురుగా తగిలించాడు, పెళ్లి ఆల్బమ్‌ల కోసం వచ్చేవాళ్లకు చూపడానికి. వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. భయం వల్ల అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నాకు గర్వంగా ఉంది. వచ్చినవాళ్లు "ఇట్టాంటిది మాకూ చేయండి" అంటుంటే, వెనక్కి తిరక్కుండానే వింటూ మురిసిపోయాను.

ఇరవై రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అనురాధక్క భర్త శ్రీను ట్రాక్టర్ లైసెన్సు కోసం ఫోటో దిగడానికి వచ్చాడు. నేను వాళ్లకు వీపు పెట్టి కంప్యూటర్ ముందు ఉన్నాను. ఫోటో దిగడం అయింది. తర్వాత అతని గొంతు వినిపించింది.

"ఏందన్నా ఇది, గీసిందా, ఫోటోనా?"

"ఫోటోనే శీనూ. మా అమ్మాయి తీసింది, సూర్యలంకలో. పైన రంగు తడిమిందంతే. నిన్నూ మీ ఆవిణ్ణీ ఇట్టా నిలబెట్టి తీయమంటావా?"

అతని చెప్పుల చప్పుడు బొమ్మ దగ్గరికి వెళ్లి ఆగింది.

"మా ఆవిణ్ణి తీయబళ్లేదులే అన్నా. తీసే ఉంచారుగా."

సుభానీ అన్న అర్థం కాక నవ్వాడు. నాకు అర్థమైంది. శ్రీను ఫోన్ క్లిక్‌మంది. ఆ బొమ్మను ఫోటో తీసుకుని, తన ఫోటోల కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. కుర్చీ తిప్పి ఒక్క మాట అంటే అయిపోయేది. "అన్నా, ఆ మగమనిషిని నేను కలిపాను." ఆరు మాటలు కూడా లేవు. తలుపు చప్పుడయ్యేదాకా వాటిని నోట్లో కూడబెట్టుకుంటూనే ఉన్నాను.

మరుసటి ఉదయం సుభానీ అన్న షట్టర్ ఎత్తుతూనే అడిగాడు. "శీను ఇంట్లో పెద్ద గొడవంట గదమ్మాయ్. ఆ బొమ్మలో ఉంది వాళ్లావిడేనంట. ఆ పక్కనోడు నిజంగా ఉన్నాడా, నువ్వు కలిపావా? కలిపితే చెప్పు, నేనే పోయి చెప్పొస్తా. మన పనే అది, తప్పేముంది?"

నిజం చెప్పడానికి తలుపు బార్లా తెరిచి పెట్టాడు. దాటడమే తరువాయి.

"నిజంగానే ఉన్నాడన్నా" అన్నాను.

ఎందుకన్నాను? మూడేళ్లుగా అడుగుతున్నాను. కలిపానంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. "ఎవర్ని?" అసలు ఫోటో తెరవమంటాడు. చూడగానే పోల్చుకుంటాడు. "ఓసినీ, మన చీరాలోడు! నువ్వేనా అమ్మాయ్ ఇంతపని!" అని నవ్వుతాడు. మంచివాడు, తిట్టడు, నవ్వుతాడంతే. వచ్చేవారం అతను వచ్చినప్పుడు అతని ముందూ నవ్వుతాడు. నేను భయపడింది ఆ నవ్వుకి. పోలీసుకి కాదు, ఉద్యోగం పోతుందని కాదు. ఒక నవ్వు తప్పించుకోవడానికి ఒక కాపురాన్ని వదిలేశాను.

మనిషి మొహం లేని బొమ్మ కదా, ఊళ్లోవాళ్లు దానికి మొహం పెట్టుకున్నారు. మా షాపు పక్కన గ్రానైట్ పలకలు అమ్మే కొట్టు ఉంది. దానికి చీమకుర్తి నుంచి పలకలు తెచ్చే లారీ డ్రైవరు ఒకటి రెండుసార్లు మా అమ్మ వాళ్ల ముఠాను పొలం దాకా ఎక్కించుకున్నాడు. వెడల్పాటి భుజాలు, మడిచిన ప్యాంటు. "వాడే" అన్నారు. ఆ కొట్టు ముందరే శ్రీను అతని చెంప పగలగొట్టాడు. ఎందుకు కొట్టారో తెలియక అతను అందరి మొహాల్లోకీ చూడటం నేను మా కిటికీలోంచి చూశాను. తర్వాత ఆ లారీకి వేరే డ్రైవరు వస్తున్నాడు.

మూడో రోజు, సుభానీ అన్న భోజనానికి వెళ్లిన వేళ, అనురాధక్క వచ్చింది.

"ఏమే, తిన్నావా?" అంది, ఎప్పటిలాగే. ఆమె కింది పెదవి చిట్లి ఉంది. "ఆ బొమ్మ ఏదీ, ఒకసారి చూపించు. అందరూ చూశారు, నేను తప్ప."

గొడవ ఎందుకని సుభానీ అన్న దాన్ని దించి గోడ వైపు తిప్పి పెట్టాడు. నేను ఇటు తిప్పాను. ఆమె దగ్గరగా వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని, చూసింది.

"నేనేగా ఇది?"

"అవునక్కా."

"బాగా తీశావే. ఎనకనించి ఇంత బాగుంటానా నేను!" నవ్వబోయి పెదవి పట్టుకుంది. "మరి ఈయనెవరు?"

నేను బొమ్మ అంచు సరిచేస్తున్నట్టు వంగాను.

"నిజంగా అడుగుతున్నానే. నాకు ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లా. నీళ్లు తప్ప ఏం చూళ్లేదు నేను. ఎవడన్నా వచ్చి పక్కన నిలబడ్డాడేమో, ఆ హోరులో నాకు తెలియలేదేమో. మీ అమ్మోళ్లని అడిగితే మేం దీపాల కాడ ఉన్నాం, చూళ్లేదంటన్నారు. నువ్వు చూశావుగా, కెమెరాలోనించి. నువ్వు చెప్పు. నువ్వేం చెబితే అదే పోయి చెబుతా."

నా వెనక కంప్యూటర్ వెలుగుతోంది. అలాంటి ఫైల్లో ఒక్కో మనిషిది ఒక్కో పొర. ఒక్క నొక్కు నొక్కితే అతని పొర మాయమవుతుంది. ఆమె ఒక్కతే మిగులుతుంది. ఫైలు తెరవడానికి నిమిషం చాలు. ఆమె చూస్తుంది. శ్రీను చూస్తాడు. అయిపోతుంది.

"ఏమో అక్కా" అన్నాను. "చాలామంది ఉన్నారు గదా ఆ రోజు. ఎవరో నడుస్తూ పోతా ఉంటే పడుంటారు."

"అంతేనంటావా?" ఆమె మళ్లీ బొమ్మ వైపు చూసింది. "మరి నేను తల అటు ఎందుకు వంచాను?"

నేను బొమ్మను మళ్లీ గోడ వైపు తిప్పి పెట్టాను.

"గాలికేమో అక్కా."

"గాలికేమోలే" అంది. ఆ మాటను నమ్మడానికి ఆమె ఎంత కష్టపడిందో ఆమె మొహంలో చూశాను. "అదే చెబుతా."

ఆమె మెట్లు దిగింది. నేను ఆ ఫైలు తుడిచేశాను. ఆమె ఒంటరిగా ఉన్న ఫోటో తుడిచేశాను. అతని ఫోటో తుడిచేశాను. చెత్తబుట్టలోకి వెళ్లినవాటిని అందులోంచీ తీసేశాను. అప్పటిదాకా చేసింది పిరికితనం అనుకోవచ్చునేమో. ఇది కాదు. ఇది ఆలోచించి చేసింది. చేతులు వణకలేదు కూడా.

ఆమె వెళ్లి చెప్పింది. శ్రీను వాళ్ల అమ్మ వీధి కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. ఆ తర్వాత అదొక ఎగతాళి అయింది. "ఏందమ్మోయ్, గాలికి తల వంగిందంట, మాకు వంగదేం?" అని బిందెలు పెట్టుకుంటూ నవ్వుకునేవాళ్లు. మా అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనూ నవ్వింది. నేను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. నేనిచ్చిన మాటే అది. ఆమె నమ్మి తీసుకెళ్లిన ఒకే ఒక్క మాట.

ఆమెను కనిగిరి దగ్గర పుట్టింటికి పంపేశారు. కూతుర్ని బడి పేరు చెప్పి ఇక్కడే ఉంచుకున్నారు. ఆ పిల్ల పొద్దున్నే జడలు సరిగ్గా పడక, ఒకటి పైకీ ఒకటి కిందకీ వేసుకుని మా ఇంటి ముందు నుంచి వెళ్లేది. పదకొండు నెలలు. ప్రతి ఉదయం ఇవాళ చెబుతాను అనుకునేదాన్ని. రుజువు లేదుగా, ఎవరు నమ్ముతారు అనుకునేదాన్ని. రుజువు లేకుండా చేసింది ఎవరు?

తర్వాత పెద్దవాళ్లు కూర్చున్నారు. ఆమె ఒప్పుకుంటేనే ఇంట్లోకి రానిస్తామన్నారు. ఆమె ఒప్పుకుంది. సముద్రం దగ్గర ఎవరో పరాయి మగాడితో మాట్లాడాననీ, తప్పయిందనీ, ఇంకెప్పుడూ ఎటూ వెళ్లననీ అత్తగారి కాళ్లు పట్టుకుని చెప్పిందట. కూతురి కోసం చెప్పి ఉంటుంది. ఇంకెందుకు చెబుతుంది? ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సహించింది. ఆమె తిరిగొచ్చిందిగా అని మనసు తేలికపడింది కూడా. అలాంటిదాన్ని నేను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మిరప కల్లంలో ఆమె నాతో మాట్లాడింది. మూడేళ్లలో మొదటిసారి. నేను అమ్మకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. ఎర్రగా పరిచిన కాయల మధ్య కూర్చుని ఆమె రంగు చెడిన తాలు కాయలు ఏరుతోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి గుడ్డ కిందికి లాగింది. నేను తల దించుకుని పోబోయాను.

"ఏమే, నన్ను చూసి ఎందుకట్టా తప్పుకుంటావు? నీ తప్పేముంది అందులో? ఉన్నది తీశావు నువ్వు."

నిలబడిపోయాను.

"నిజంగానే ఎవరో వచ్చి నిలబడ్డాడే" అంది, చేతులు ఆపకుండా. "అప్పుడు గుర్తు రాలేదు గానీ ఇప్పుడు బాగా గుర్తొస్తంది. టైమెంతయిందని అడిగాడు. నా దగ్గర గడియారం లేదన్నా. అప్పుడే తల తిప్పుంటా."

ఆమె నన్ను ఓదారుస్తోంది. అది కూడా తట్టుకునేదాన్నేమో. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె కళ్లలో అతను కనిపిస్తున్నాడు, టైము అడుగుతున్నాడు. నేను బొమ్మలో నిలబెట్టిన మనిషిని అందరూ కలిసి ఆమె బుర్రలోకి కూడా ఎక్కించారు. ఆమెకంటూ దొరికిన ఆ అయిదు నిమిషాల్లో ఇప్పుడు ఎప్పటికీ ఒక పరాయివాడు ఉంటాడు.

"సరే అక్కా" అని వచ్చేశాను. అప్పుడు కూడా.

ఇప్పుడు ఆమెకు చెబితే ఏమవుతుంది? చేయనిదానికి కాళ్లు పట్టుకున్నానని తెలుస్తుంది. చెప్పకపోతే చేశాననే నమ్మి బతుకుతుంది. ఏది మేలో తేల్చుకోవడానికి నేనెవర్ని? లేక ఈ ఆలోచన కూడా నోరు మెదపకుండా ఉండటానికి నేను వెతుక్కున్న కొత్త దారేనా? అదే అయ్యుంటుంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆమె చేతుల్లో ఉంది, ఆమెకేమో క్షమించాల్సింది ఒకటుందనే తెలియదు.

కానీ రాస్తున్నాను. డైరీలో కాదు, ఎవరో ఒకరు చదివేలా. రాస్తుంటే మూడేళ్ల తర్వాత గొంతులో అడ్డం తొలగుతోంది. అది నాకు దక్కాల్సిన సుఖం కాదని తెలిసే రాస్తున్నాను.

ఆ కార్తీక పౌర్ణమి ఉదయం సూర్యలంక ఒడ్డున అనురాధక్క పక్కన ఎవరూ లేరు. ఎవరూ వచ్చి నిలబడలేదు. ఎవరూ టైము అడగలేదు. ఆమె తల ఎటూ వంచలేదు. ఒక్కతే నిలబడి సముద్రం చూసింది. నేను చూశాను.